విక్షేపణం ఎంత ఉండాలి? మెట్రో, సుదూర నెట్‌వర్కుల ఆప్టికల్ ఫైబర్‌పై ఒక విశ్లేషణ

గాజు పోగులో ప్రయాణించే కాంతి పల్సుకు దూరం పెరిగేకొద్దీ రెండు నష్టాలు జరుగుతాయి. దాని బలం తగ్గుతుంది, దాని వెడల్పు పెరుగుతుంది. బలం తగ్గినప్పుడు దారిలో ఆంప్లిఫయర్ పెట్టి తిరిగి పెంచవచ్చు. వెడల్పు పెరిగితే ఆంప్లిఫయర్ చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే అది చెదిరిన పల్సును చెదిరినట్టే పెద్దది చేసి ముందుకు పంపుతుంది. ఇలా పల్సు పరుచుకుపోవడాన్ని విక్షేపణం అంటారు, ఇంజినీర్ల వాడుకలో డిస్పర్షన్. 1980లలో ఫైబర్ రూపకర్తలు విక్షేపణాన్ని వీలైతే పూర్తిగా సున్నా చేయాలని పెట్టుకున్న లక్ష్యం ఈ కారణంగా ఎంతో సహజమైనది. ఆ లక్ష్యాన్ని వారు సాధించారు కూడా. అయితే సాధించిన పదేళ్లలోపే ఆ సున్నాయే అడ్డంకిగా మారింది. నగరం, దాని పరిసరాల వరకు నడిచే మెట్రో నెట్‌వర్కుల కోసం, సుదూర నెట్‌వర్కుల కోసం తర్వాత వచ్చిన తక్కువ విక్షేపణ ఫైబర్ల చరిత్ర అంతా ఈ ఒక్క మలుపు నుంచే మొదలవుతుంది.

లేజర్ ఎంత శుద్ధమైనదైనా, దాని కాంతిపై సమాచారాన్ని మోపిన క్షణం నుంచి అది ఒకే తరంగదైర్ఘ్యంగా ఉండదు. కొద్దిపాటి వెడల్పు గల తరంగదైర్ఘ్యాల గుంపుగా మారుతుంది. సమాచారాన్ని ఎంత వేగంగా మోపితే ఆ గుంపు అంత విశాలమవుతుంది. గాజు వక్రీభవన గుణకం తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి గుంపులోని వేర్వేరు భాగాలు వేర్వేరు వేగాలతో నడుస్తాయి, చివరికి ఒకే పల్సు ముందు వెనకలుగా సాగిపోతుంది. దీన్ని కొలిచే పద్ధతి సులువుగానే ఉంటుంది: ఒక నానోమీటరు తేడా గల రెండు తరంగదైర్ఘ్యాలు కలిసి బయల్దేరి, ఒక కిలోమీటరు దాటేసరికి వాటి మధ్య ఎన్ని పికోసెకన్ల ఎడం ఏర్పడిందో అదే ఆ ఫైబర్ విక్షేపణ విలువ. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1984లో జి.652 పేరుతో ప్రమాణీకరించిన సాధారణ సింగిల్ మోడ్ (కాంతి ఒకే దారిలో నడిచే) ఫైబర్‌కు ఈ విలువ 1310 నానోమీటర్ల పరిసరాల్లో సున్నా, 1550 నానోమీటర్ల వద్ద సుమారు 17.

ఈ 17 అనే అంకె ఎప్పుడు ఇబ్బందిగా మారుతుందో చూడాలంటే చిన్న లెక్క చాలు. సెకనుకు 2.5 గిగాబిట్ల సిగ్నల్‌లో ఒక్కో బిట్‌కు దక్కే వ్యవధి 400 పికోసెకన్లు, సిగ్నల్ వర్ణపట వెడల్పు దాదాపు 0.02 నానోమీటర్లు. అది 100 కిలోమీటర్లు వెళ్తే పల్సు సుమారు 34 పికోసెకన్లు సాగుతుంది. 400లో 34 అంటే పట్టించుకోనక్కరలేదు. అదే దారిలో 10 గిగాబిట్లు పంపితే బిట్ వ్యవధి 100 పికోసెకన్లకు కుంచించుకుపోతుంది, వెడల్పు 0.08 నానోమీటర్లకు పెరుగుతుంది, సాగుదల 136 పికోసెకన్లకు చేరుతుంది. అంటే ప్రతి బిట్ పక్క బిట్ మీదికి పూర్తిగా ఒరిగిపోతుంది. 40 గిగాబిట్ల వద్ద ఒక్కో బిట్ ఇరవైకి పైగా బిట్ల వ్యవధిలో పరుచుకుపోతుంది. వేగం నాలుగు రెట్లయితే విక్షేపణ ప్రభావం పదహారు రెట్లవుతుంది. ఈ వర్గ నియమమే రెండు దశాబ్దాల పాటు ఫైబర్ రూపకల్పనను నడిపించింది.

సున్నాను జరిపిన కాలం

జి.652 ఫైబర్‌లో సున్నా విక్షేపణం 1310 నానోమీటర్ల దగ్గర ఉంది, కనిష్ఠ నష్టం మాత్రం 1550 నానోమీటర్ల దగ్గర ఉంది. మొదటిచోట నష్టం కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్స్, రెండోచోట దాదాపు 0.2. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ గాజులోని సూక్ష్మమైన అసమానతల వల్ల జరిగే కాంతి పరిక్షేపణం వేగంగా తగ్గడమే ఈ తేడాకు ప్రధాన కారణం. కాబట్టి ఒకచోట పల్సు చెదరదు కానీ త్వరగా నీరసిస్తుంది, మరోచోట ఎక్కువ దూరం బతుకుతుంది కానీ చెదురుతుంది. రెండు మేళ్లను ఒకే తరంగదైర్ఘ్యం వద్దకు చేర్చగలిగితే బాగుంటుందన్న ఆలోచన ఇక్కడే పుట్టింది.

నష్టాన్ని తెచ్చి 1310 దగ్గర పెట్టడం ఎవరి వల్లా కాదు, అది గాజు స్వభావం. సున్నా విక్షేపణ స్థానాన్ని జరపడం మాత్రం సాధ్యమే. ఫైబర్ విక్షేపణంలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది పదార్థం వల్ల వచ్చేది. శుద్ధ సిలికాలో ఇది 1270 నానోమీటర్లు దాటాక ధన విలువ తీసుకుంటుంది, అంటే పొడవైన తరంగాలు వెనకబడతాయి. రెండోది ఫైబర్ నడిమి భాగమైన కోర్, దాని చుట్టూ ఉండే గాజు పొర అయిన క్లాడింగ్‌ల నిర్మాణం వల్ల వచ్చేది. కాంతి అంతా కోర్‌లోనే ఉండదు. కొంత భాగం చుట్టూ ఉన్న క్లాడింగ్‌లోకి వ్యాపించి ప్రయాణిస్తుంది. తరంగం పొడవైనదైతే ఆ వ్యాప్తి ఎక్కువ, క్లాడింగ్ వక్రీభవన గుణకం తక్కువ కాబట్టి ఆ తరంగం కొంత వేగం పుంజుకుంటుంది. ఈ రెండు ప్రభావాలు ఎదురెదురుగా పనిచేస్తాయి. కోర్‌ను సన్నగా చేసి, అందులో జర్మేనియం ఆక్సైడ్ పాలు పెంచి, వక్రీభవన గుణకం ఎక్కడెక్కడ ఎంత ఉండాలో జాగ్రత్తగా తీర్చిదిద్దితే రెండో ప్రభావం బలపడి, సున్నా స్థానం 1310 నుంచి 1550కి జరుగుతుంది. ఇలా తయారైనదే విక్షేపణం జరిపిన ఫైబర్, 1988లో జి.653గా ప్రమాణీకరించబడింది. జపాన్‌లో దీన్ని విస్తృతంగా వేశారు.

ఒకే తరంగదైర్ఘ్యం మీద నడిచే వ్యవస్థకు ఇది నిజంగా ఆదర్శమైన ఫైబర్. దాన్ని రూపొందించినవారి ఊహలో లోపమేమీ లేదని గుర్తించాలి. లోకం వేరే దారి పట్టింది, అంతే. 1987లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, అదే కాలంలో బెల్ ల్యాబ్స్‌లో ఇమ్మాన్యుయేల్ డెసర్‌వీర్ బృందం ఎర్బియం మూలకం కలిపిన ఫైబర్‌తో ఆంప్లిఫయర్ పనిచేయించి చూపారు. అది 1530 నుంచి 1565 నానోమీటర్ల వరకు ఉన్న పట్టీలోని కాంతిని, విద్యుత్ సిగ్నల్‌గా మార్చకుండానే, కాంతిగానే పెంచుతుంది. అంతకుముందు ప్రతి తరంగదైర్ఘ్యానికీ దారి పొడవునా సిగ్నల్‌ను విద్యుత్‌గా మార్చి, తిరిగి తాజా కాంతిగా పంపే విడివిడి పునరుత్పాదక యంత్రాలు కావలసి వచ్చేవి. ఇప్పుడు ఒకే ఆంప్లిఫయర్ ఎన్ని తరంగదైర్ఘ్యాలనైనా ఒకేసారి పెంచగలదు. దీంతో ఒకే పోగులో ఎనిమిది, పదహారు, ఆపై ఎనభై తరంగదైర్ఘ్యాలను పక్కపక్కన నడిపించే పద్ధతికి దారి తెరుచుకుంది. సున్నా విక్షేపణం బెడిసికొట్టింది కూడా ఇక్కడే.

గాజు మౌనంగా ఉండదు

ఫైబర్‌లో పంపే కాంతి శక్తి ఒక మిల్లీవాట్ మాత్రమే కావచ్చు. కానీ అది 80 చదరపు మైక్రాన్ల వైశాల్యంలోకి కుదించబడి ఉంటుంది. లెక్క వేస్తే అది చదరపు మీటరుకు 1.25 కోట్ల వాట్ల తీవ్రత, నేలపై పడే మిట్టమధ్యాహ్నపు ఎండకు పన్నెండు వేల రెట్లు. అంత తీవ్రత ఉన్నచోట గాజు వక్రీభవన గుణకం కాంతి తీవ్రతను బట్టి అతి స్వల్పంగా మారుతుంది. కెర్ ప్రభావంగా పిలిచే ఈ మార్పు ఒక మీటరు ఫైబర్‌లో కొలవడానికి కూడా కష్టమైనంత చిన్నది. వంద కిలోమీటర్లలో పేరుకుంటే చిన్నది కాదు.

ఈ ప్రభావం వల్ల పక్కపక్కన నడిచే తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి, ఎవరూ పంపని కొత్త పౌనఃపున్యాలను పుట్టిస్తాయి. దీన్ని నాలుగు తరంగాల మిశ్రమం అంటారు. మూడు తరంగాల్లో రెండింటి పౌనఃపున్యాలను కూడి మూడోదాన్ని తీసివేస్తే వచ్చే పౌనఃపున్యం వద్ద నాలుగోది పుడుతుంది. 193.1, 193.2, 193.3 టెరాహెర్ట్‌జ్‌ల వద్ద మూడు చానెళ్లు ఉన్నాయనుకుంటే, మొదటి, మూడో చానెళ్లను కూడి రెండోదాన్ని తీసివేసినప్పుడు వచ్చేది సరిగ్గా 193.2. అంటే పుట్టిన దొంగ తరంగం నడిమి చానెల్ మీదే వచ్చి కూర్చుంటుంది. పౌనఃపున్యం ఒకటే అయినప్పుడు ఏ ఫిల్టరూ దాన్ని వేరుచేయలేదు. చానెళ్లు పెరిగేకొద్దీ ఇలాంటి కలయికల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది: మూడు చానెళ్లకు 9, ఎనిమిదికి 224, పదహారుకు 1920.

అయితే ఈ దొంగ తరంగం బలపడాలంటే ఒక షరతు ఉంది. దాన్ని పుట్టించే తరంగాలు కిలోమీటర్ల కొద్దీ ఒకే దశలో, అడుగులో అడుగు వేసుకుంటూ నడవాలి. అప్పుడు ప్రతి మీటరు వద్ద పుట్టిన చిన్న తునక ముందు పుట్టినదానికి కలిసి పెద్దదవుతుంది. వాటి వేగాలు వేర్వేరైతే ఒకచోట పుట్టినది మరోచోట పుట్టినదాన్ని రద్దు చేస్తుంది. సున్నా విక్షేపణం అంటే పక్క చానెళ్లన్నీ ఒకే వేగంతో నడవడమే. కాబట్టి మిశ్రమానికి అంతకన్నా అనువైన పరిస్థితి లేదు. జి.652లో మాత్రం 100 గిగాహెర్ట్‌జ్ ఎడం గల రెండు చానెళ్లు ప్రతి కిలోమీటరుకూ 13 పికోసెకన్లకు పైగా ఒకదాన్నొకటి దాటిపోతాయి, మిశ్రమం బలపడే అవకాశమే దాదాపు ఉండదు. పాత ఫైబర్‌లో దోషంగా లెక్కించిన గుణమే అనేక తరంగదైర్ఘ్యాల వ్యవస్థకు రక్షణగా నిలిచింది.

ఇక్కడి నుంచి సమస్య స్వరూపమే మారిపోయింది. విక్షేపణం ఎంత తక్కువైతే అంత మంచిది అన్న సూత్రం చెల్లదు. ప్రతి కిలోమీటరులోనూ కొంత విక్షేపణం ఉండాలి, కానీ గమ్యం చేరేసరికి పోగుపడిన మొత్తం హద్దు దాటకూడదు. బెల్ ల్యాబ్స్‌లో ఆండ్రూ క్రాప్లివీ, రాబర్ట్ టాక్‌లు 1990ల తొలినాళ్లలో ఈ రెండు షరతులను కలిపి చూశారు. ధన విక్షేపణం గల ఫైబర్‌నూ రుణ విక్షేపణం గల ఫైబర్‌నూ వంతులవారీగా అతికితే ఎక్కడికక్కడ విక్షేపణం ఉంటుంది, మొత్తం మాత్రం సున్నాకు దగ్గరగా ఉంటుంది. 1993లో వెలువడిన ప్రయోగంలో ఇలాంటి దారిపై ఎనిమిది చానెళ్లను, ఒక్కోదాన్ని 10 గిగాబిట్ల వేగంతో, 280 కిలోమీటర్లు పంపారు. ఈ కృషికి వారిద్దరికీ 2009లో మార్కోని బహుమతి దక్కింది.

సున్నా కాని స్వల్పం

అదే ఆలోచన నుంచి వచ్చిన రెండో ఫలితం తక్కువ విక్షేపణ ఫైబర్. సాంకేతిక పత్రాల్లో దీని పేరు శూన్యేతర విక్షేపణ ఫైబర్, 1996 నుంచి జి.655 ప్రమాణం. సున్నా స్థానాన్ని ఆంప్లిఫయర్ పట్టీ మధ్యలో కాకుండా దాని బయటికి జరుపుతారు. ఫలితంగా పట్టీ లోపల విక్షేపణం 1 నుంచి 10 మధ్యలో, ఎక్కువగా 4 దరిదాపుల్లో ఉంటుంది. ముందు వేసిన లెక్కనే మళ్లీ వేస్తే, 10 గిగాబిట్ల పల్సు 100 కిలోమీటర్లలో 136 పికోసెకన్లకు బదులు 32 పికోసెకన్లే సాగుతుంది. మరోవైపు పక్క చానెళ్లు కిలోమీటరుకు 3 పికోసెకన్ల చొప్పున విడిపోతూ ఉంటాయి కాబట్టి మిశ్రమం అదుపులోనే ఉంటుంది. 10 గిగాబిట్ల కాలానికి ఇంతకన్నా చక్కని రాజీ దొరకడం కష్టం. సాదా రిసీవర్‌తో జి.652పై సుమారు 60 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయే సిగ్నల్ దీనిపై 250 కిలోమీటర్ల వరకు సరిదిద్దకుండానే వెళ్లగలిగింది.

ఈ రాజీకి ఖరీదు లేకపోలేదు. కోర్‌ను సన్నగా చేయడం వల్ల కాంతి వ్యాపించే ప్రభావవంతమైన వైశాల్యం 50 చదరపు మైక్రాన్ల దాకా పడిపోతుంది. వైశాల్యం తగ్గితే తీవ్రత పెరుగుతుంది, తీవ్రత పెరిగితే కెర్ ప్రభావం పెరుగుతుంది. ఇక్కడ తయారీదారులు రెండు దారుల్లో చీలిపోయారు. కార్నింగ్ సంస్థ లీఫ్ పేరుతో 1998లో తెచ్చిన ఫైబర్‌లో వైశాల్యాన్ని సుమారు 72 చదరపు మైక్రాన్లకు పెంచింది. దానికి బదులుగా విక్షేపణ వాలు, అంటే తరంగదైర్ఘ్యంతో విక్షేపణం మారే రేటు, పెరిగింది. లూసెంట్ సంస్థ ట్రూవేవ్ ఆర్ఎస్ ఫైబర్‌లో వాలును దాదాపు సగానికి తగ్గించింది, వైశాల్యం మాత్రం చిన్నదిగానే ఉంచింది. వైశాల్యాన్ని పెంచి, వాలును కూడా తగ్గించడం ఒకే వక్రీభవన నిర్మాణంతో ఎంతో కష్టమైన పని.

ఈ వాలు గురించి కొంత నిలిచి చెప్పుకోవాలి, ఎందుకంటే అమ్మకపు పత్రాల్లో కనిపించే ఒక్క విక్షేపణ అంకె దాన్ని పూర్తిగా దాచేస్తుంది. విక్షేపణం స్థిరమైన విలువ కాదు, తరంగదైర్ఘ్యంతో పాటు పెరుగుతుంది. ఆ పెరుగుదల రేటే వాలు. వాలు 0.085 అయితే 35 నానోమీటర్ల పట్టీలో ఒక కొస నుంచి మరో కొసకు విక్షేపణ విలువ 3 మేర మారుతుంది. 1000 కిలోమీటర్ల దారిలో రెండు అంచుల చానెళ్ల మధ్య పోగుపడే తేడా నానోమీటరుకు 3000 పికోసెకన్లు. 10 గిగాబిట్ల సాదా రిసీవర్ తట్టుకునేది సుమారు 1000 మాత్రమే. నడిమి చానెల్‌ను కచ్చితంగా సరిదిద్దితే రెండు అంచులూ హద్దు దాటిపోతాయి. జి.652లోనూ వాలు ఉంది, కానీ 17 అనే పెద్ద విలువ ముందు ఆ మార్పు చిన్న పాలు కాబట్టి సరిదిద్దే ఫైబర్‌ను దానికి దీటుగా తయారుచేయడం సులభం. జి.655లో 4 అనే చిన్న విలువ ముందు 3 మార్పు అంటే దాదాపు మొత్తమే. విక్షేపణం తక్కువగా ఉన్న ఫైబర్‌నే అన్ని చానెళ్లకూ ఒకేసారి సరిదిద్దడం కష్టమైందన్న విషయం సుదూర మార్గాల రూపకర్తలకు అనుభవంలోనే తెలిసివచ్చింది.

సరిదిద్దే ఫైబర్ అన్నది కూడా ఉచితంగా రాలేదు. దాని విక్షేపణం మైనస్ 100 అనుకుంటే, 80 కిలోమీటర్ల జి.652 దారిలో పోగుపడిన నానోమీటరుకు 1360 పికోసెకన్లను రద్దు చేయడానికి 13.6 కిలోమీటర్ల పోగును చుట్టగా చుట్టి ప్రతి ఆంప్లిఫయర్ స్థావరంలోనూ పెట్టాలి. అది కిలోమీటరుకు అర డెసిబెల్ చొప్పున దాదాపు 7 డెసిబెల్స్ బలాన్ని తినేస్తుంది, ఎక్కడికీ వెళ్లని ఆ చుట్టలో సిగ్నల్ ప్రతిసారీ 65 మైక్రోసెకన్లకు పైగా ఆలస్యమవుతుంది. జి.655పై ఇదే చుట్ట నాలుగో వంతు ఉంటే సరిపోతుంది. 1990ల చివర, 2000ల తొలినాళ్లలో కొత్త సుదూర మార్గాలు జి.655ను ఎంచుకోవడానికి ఇది బలమైన ఆర్థిక కారణం.

మెట్రో నెట్‌వర్కుల అవసరం వేరుగా ఉంటుంది. అక్కడ దూరాలు పదుల కిలోమీటర్ల నుంచి రెండు మూడు వందల కిలోమీటర్ల వరకే. ఖర్చు కేబుల్ కన్నా కొసల్లోని యంత్రాలదే ఎక్కువ. చవకైన లేజర్‌ను నేరుగా విద్యుత్ ప్రవాహంతో ఆర్పి వెలిగిస్తే, ఆ క్రమంలో దాని తరంగదైర్ఘ్యం కూడా ఊగుతుంది: పల్సు ముందు అంచు కొద్దిగా నీలం వైపు, వెనక అంచు ఎరుపు వైపు జరుగుతాయి. ధన విక్షేపణంలో నీలం వైపు భాగం ఇంకా ముందుకు పరుగెత్తుతుంది, పల్సు మామూలు కన్నా త్వరగా చెదిరిపోతుంది. రుణ విక్షేపణంలో అదే భాగం వెనక్కి తగ్గుతుంది కాబట్టి పల్సు మొదట కొంత దూరం కుదించుకుని, ఆ తర్వాతే సాగుతుంది. 2000 ప్రాంతంలో కార్నింగ్ తెచ్చిన మెట్రోకోర్ ఫైబర్ ఈ ఒక్క సూత్రం మీదే నిలిచింది. పట్టీ అంతటా రుణ విక్షేపణం ఉంచి, చవక లేజర్ దోషాన్ని ఫైబర్ గుణంతో రద్దు చేయడం దాని ఉద్దేశం. భౌతికశాస్త్రం దృష్ట్యా ఇది ఎంతో సొగసైన పరిష్కారం. కానీ ఒక లేజర్ రకానికి కుట్టిన చొక్కా లాంటిది, లేజర్ మారగానే బిగుతైంది. లేజర్‌ను వెలిగించే ఉంచి, దాని కాంతిపై బయట సమాచారాన్ని మోపే మాడ్యులేటర్లు చవకయ్యాక ఆ ప్రయోజనం తగ్గిపోయింది.

మెట్రోలో చాలా నెట్‌వర్కులు చివరికి జి.652.డి వద్దే నిలిచాయి. తయారీలో నీటి జాడల వల్ల 1383 నానోమీటర్ల వద్ద ఏర్పడే నష్ట శిఖరాన్ని తొలగించిన రకం ఇది. దీంతో 1271 నుంచి 1611 వరకు 20 నానోమీటర్ల ఎడంతో పద్దెనిమిది తరంగదైర్ఘ్యాలను వాడుకునే చవక పద్ధతికి వీలు కలిగింది. 2004లో వచ్చిన జి.656 మరో కొసన నిలిచింది. 1460 నుంచి 1625 నానోమీటర్ల వరకు విశాలమైన పట్టీలో ఎక్కడా విక్షేపణం 2కు తగ్గకుండా, 14 దాటకుండా చూసే ఫైబర్ అది. ఫైబర్‌లోకే బలమైన పంపు కాంతిని పంపి సిగ్నల్‌ను పెంచే రామన్ ఆంప్లిఫయర్లలో ఆ కాంతి 1450 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. సున్నా స్థానం అక్కడికి దగ్గరైతే పంపు కాంతి, సిగ్నల్ కాంతి కలిసి కొత్త మిశ్రమాలను పుట్టిస్తాయి. దాన్ని కూడా దృష్టిలో పెట్టుకున్న ప్రమాణం ఇది.

ధ్రువణ విక్షేపణం గురించి ఒక మాట. కోర్ పూర్తిగా వర్తులంగా లేకపోతే కాంతి కంపించే రెండు దిశలూ, అంటే రెండు ధ్రువణాలూ, వేర్వేరు వేగాలతో నడుస్తాయి. ఇది దూరంతో కాక దూరపు వర్గమూలంతో పెరుగుతుంది. కిలోమీటరు వర్గమూలానికి 0.2 పికోసెకన్లు ఉన్న ఫైబర్‌పై 10 గిగాబిట్ల సిగ్నల్‌కు 2500 కిలోమీటర్ల దాకా ఇబ్బంది లేదు, 40 గిగాబిట్లకు మాత్రం హద్దు 156 కిలోమీటర్లే.

రిసీవర్‌లో వచ్చిన మార్పు

2008 నుంచి మార్కెట్లోకి వచ్చిన కోహెరెంట్ రిసీవర్లు ఈ లెక్కలన్నిటినీ తిరగరాశాయి. పాత రిసీవర్ కాంతి తీవ్రతను మాత్రమే చూసేది, దశ సమాచారం అక్కడే పోయేది. కొత్త రిసీవర్ తన సొంత లేజర్ కాంతితో వచ్చిన సిగ్నల్‌ను కలిపి, తీవ్రతనూ దశనూ రెండు ధ్రువణాలనూ పూర్తిగా పట్టుకుంటుంది. తీవ్రత, దశ రెండూ తెలిసినప్పుడు విక్షేపణం సమాచారాన్ని చెరిపేసే ప్రక్రియ కాదు, కేవలం క్రమం మార్చే ప్రక్రియ. తెలిసిన నియమం ప్రకారం మారిన క్రమాన్ని అదే నియమాన్ని తిరగేసి చిప్‌లో సరిచేయవచ్చు. 1000 కిలోమీటర్ల జి.652లో పోగుపడే నానోమీటరుకు 17,000 పికోసెకన్లను 100 గిగాబిట్ల చిప్ గణితంతోనే తుడిచేస్తుంది. సరిదిద్దే చుట్టలు అక్కరలేకుండా పోయాయి, వాటితో పాటు వాటి నష్టమూ ఆలస్యమూ పోయాయి. ధ్రువణ విక్షేపణం కూడా అదే గణితంలో చాలావరకు కరిగిపోయింది.

విక్షేపణాన్ని చిప్ సరిచేయగలదు. కెర్ ప్రభావాన్ని అంత సులువుగా సరిచేయలేదు, ఎందుకంటే అది పక్క చానెళ్లలో ఏముందన్న దానిపై ఆధారపడుతుంది, రిసీవర్‌కు కనిపించేది తన చానెల్ మాత్రమే. ఈ తేడా వల్ల రెండు పళ్లాల్లోని బరువులు తారుమారయ్యాయి. విక్షేపణం ఎక్కువగా ఉంటే పల్సులు త్వరగా పరుచుకుని, ఒకదానితో ఒకటి కలిసిపోయి, వాటి మధ్య జరిగే మిశ్రమాలు సగటున రద్దవుతాయి, సిగ్నల్‌కు మిగిలేది తక్కువ రొద. కోహెరెంట్ వ్యవస్థకు అందువల్ల విక్షేపణం 4 కన్నా 17 మేలు, 17 కన్నా 20 ఇంకా మేలు. 2016లో నేలపై మార్గాల కోసం ప్రమాణీకరించిన జి.654.ఇ ఫైబర్‌లో విక్షేపణం 17 నుంచి 23 వరకు ఉండటం, వైశాల్యం 110 నుంచి 130 చదరపు మైక్రాన్ల వరకు పెరగడం యాదృచ్ఛికం కాదు. సముద్ర గర్భ మార్గాలు కూడా ధన, రుణ ఫైబర్ల వంతుల పద్ధతిని వదిలి, పెద్ద వైశాల్యం, ఎక్కువ విక్షేపణం గల ఒకే రకం ఫైబర్ వైపు మళ్లాయి.

పాతిక ముప్పై ఏళ్ల ఆయుష్షు లెక్కగట్టి పాతిన కేబుల్‌ను రిసీవర్ తరం మారినప్పుడల్లా తవ్వి తీయలేరు. 10 గిగాబిట్ల కోసం అమర్చిన జి.655 మార్గాలు ఇప్పుడు 100, 400 గిగాబిట్లను మోస్తున్నాయి, మోయగలవు కూడా. కాకపోతే ఒక్కో చానెల్‌కు పంపే శక్తిని జి.652పై పంపే దానికన్నా తగ్గించాలి, దాంతో చేరే దూరమూ తగ్గుతుంది. ఒకే మార్గంలో కొన్ని భాగాలు జి.652, కొన్ని జి.655 అయినప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. రెండు పోగులకూ బయటి వ్యాసం ఒకటే 125 మైక్రాన్లు, కంటికి తేడా తెలియదు, రికార్డుల్లో చాలాసార్లు సింగిల్ మోడ్ అని మాత్రమే ఉంటుంది. జి.652కు తగిన శక్తిని మార్గమంతటికీ పెట్టేస్తే జి.655 భాగంలో రొద పెరుగుతుంది, కారణం వెతకడానికి రోజులు పడుతుంది. రెండు రకాలు అతికినచోట, ఫైబర్‌లోంచి వెనక్కి చెదిరి వచ్చే కాంతితో నష్టాన్ని కొలిచే ఓటీడీఆర్ యంత్రం ఒక వైపు నుంచి చూస్తే సిగ్నల్ పెరిగినట్టు, మరో వైపు నుంచి చూస్తే అసలు కన్నా ఎక్కువ నష్టం జరిగినట్టు చూపుతుంది. కోర్‌లోని కాంతి మచ్చ పరిమాణం మారడమే దీనికి కారణం. రెండు వైపుల కొలతల సగటు తీసుకుంటేనే నిజమైన అతుకు నష్టం తెలుస్తుంది. అలాంటి మార్గంలో కొత్త యంత్రాలు పెట్టే ముందు ఒక్కో భాగానికీ విక్షేపణం కొలిచి రాసుకోవడం మానకూడని పని, దానికయ్యే శ్రమ తర్వాత ఆదా అయ్యే శ్రమతో పోలిస్తే చాలా తక్కువ.

మెట్రోలోకి కోహెరెంట్ పద్ధతి చొచ్చుకువచ్చిన తీరు కూడా గమనించదగినది. 2020లో వెలువడిన 400జెడ్‌ఆర్ ఒప్పందం 400 గిగాబిట్ల కోహెరెంట్ యంత్రాన్ని స్విచ్‌లో నేరుగా గుచ్చే చిన్న మాడ్యూల్‌లోకి కుదించింది. ఆ మాడ్యూల్ సరిచేయవలసిన విక్షేపణం నానోమీటరుకు 2400 పికోసెకన్లు, అంటే 120 కిలోమీటర్ల దారిలో అత్యధికంగా వచ్చే విలువ. సుదూర మార్గాల చిప్ పదుల వేల పికోసెకన్లను సరిచేస్తే, ఇది 2400కు మించి చేయనక్కరలేదు. సరిచేయాల్సింది తక్కువైతే చిప్‌లో గణితం తక్కువ, విద్యుత్ ఖర్చు తక్కువ, పుట్టే వేడి తక్కువ. ఫైబర్‌లో తగ్గించిన విక్షేపణం 10 గిగాబిట్ల కాలంలో అదనంగా దక్కే దూరం రూపంలో కనిపించేది. ఇప్పుడు అది అతి స్వల్పంగా వాట్ల రూపంలో కనిపిస్తుంది.

డేటా కేంద్రాల మధ్య నడిచే పొట్టి లింకుల్లో ఇప్పటికీ తీవ్రతను మాత్రమే చూసే చవక రిసీవర్లే ఎక్కువ. అవి 1310 నానోమీటర్ల పట్టీలో, అంటే జి.652కు విక్షేపణం సున్నాకు దగ్గరగా ఉన్నచోట నడుస్తాయి. ఒక్కో తరంగదైర్ఘ్యం వేగం పెరిగి, ఎక్కువ శక్తి పంపవలసి వచ్చేసరికి, దగ్గర దగ్గరగా పేర్చిన నాలుగు తరంగదైర్ఘ్యాల మధ్య నాలుగు తరంగాల మిశ్రమం మళ్లీ తలెత్తింది. 1990లలో 1550 దగ్గర ఎదురైన సమస్యే 1310 దగ్గర ఎదురైంది. పక్క తరంగాల ధ్రువణాలను మార్చి పంపడం దానికి ఒక ఉపాయం.

విక్షేపణాన్ని పూర్తిగా తగ్గించనివ్వని ఆ బేరానికి మూలం గాజు స్వభావం అయినప్పుడు, కాంతిని గాజు లోంచి బయటికి తీసుకువస్తే ఏమవుతుందన్నది సహజమైన ప్రశ్న. బోలు కోర్ ఫైబర్ చేసేది అదే. దాని నడుమ గాలి మాత్రమే ఉంటుంది, చుట్టూ పలుచని గాజు గొట్టాల వలయం కాంతిని లోపలే నిలుపుతుంది. 2025లో సౌతాంప్టన్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇలాంటి ఫైబర్‌లో కిలోమీటరుకు 0.091 డెసిబెల్స్ నష్టాన్ని ప్రచురించారు. గాజు కోర్ ఫైబర్లేవీ అంత దిగువకు రాలేదు. కాంతి అందులో గాజులో కన్నా దాదాపు 45 శాతం వేగంగా నడుస్తుంది. దాని విక్షేపణం జి.652తో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ, జి.655 రూపకర్తలు కోరుకున్న పరిధిలోనే ఉంటుంది. కానీ కాంతి దాదాపు అంతా గాలిలోనే ఉంటుంది కాబట్టి కెర్ ప్రభావం లెక్కలోకి రానంత చిన్నది. పక్క చానెళ్లు అడుగులో అడుగు వేసి నడిచినా వాటి మధ్య మిశ్రమం పుట్టించడానికి అక్కడ గాజు లేదు.